క్రూజ్ ఓడ ఎక్కడం: సౌతాంప్టన్ రేవులో చెక్-ఇన్, బోర్డింగ్

క్రూజ్ ఓడ ఎక్కబోయే ప్రయాణికుడి గుర్తింపు, వీసాలు, ఆరోగ్యం, సామాను చూసి ఓడ జాబితాలో అతని పేరు ఖాయం చేయడాన్ని చెక్-ఇన్ అంటారు. ఆ తర్వాత భద్రతా తనిఖీ దాటి, గ్యాంగ్‌వే అనే వంతెన మీదుగా ఓడలోకి వెళ్లడం బోర్డింగ్. అంతా సవ్యంగా ఉంటే రేవులో ఈ రెండూ ముగియడానికి ఎక్కువసేపు పట్టదు. అసలు పని అంతకు వారాల ముందే, ఇంట్లో మొదలవుతుంది. భారతీయ పాస్‌పోర్టుతో ప్రయాణించేవారికి ఆ పని ఇంకాస్త ఎక్కువ. బ్రిటన్‌లో ఉద్యోగం చేసుకుంటూ, వేసవిలో అమ్మానాన్నలను రప్పించి వారికి నార్వే కొండలనో, స్పెయిన్ తీరాన్నో చూపించాలనుకునే తెలుగు కుటుంబాలకు ఉపయోగపడేలా ఆ క్రమమంతా ఇక్కడ వివరించాం.

బ్రిటన్‌లో క్రూజ్ ప్రయాణాలకు అన్నిటికంటే పెద్ద రేవు ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని సౌతాంప్టన్. హాంప్‌షైర్ ప్రాంతంలో టెస్ట్, ఇచెన్ అనే రెండు నదులు కలిసేచోట ఈ నగరం ఉంది. రేవు యాజమాన్యం అసోసియేటెడ్ బ్రిటిష్ పోర్ట్స్ సంస్థది. ఇక్కడ ఐదు క్రూజ్ టెర్మినళ్లు ఉన్నాయి: ఓషన్, క్వీన్ ఎలిజబెత్-2, సిటీ, మేఫ్లవర్, హొరైజన్. చివరిది 2021లో తెరిచారు. పి అండ్ ఓ, క్యూనార్డ్ కంపెనీల ఓడలకు ఇదే సొంత రేవు. రాయల్ కరీబియన్, ప్రిన్సెస్, ఎం.ఎస్.సి. వంటి కంపెనీల ఓడలు కూడా ఇక్కడి నుంచి బయలుదేరుతాయి.

రేవు పూర్వకథ

సౌతాంప్టన్‌ను పెద్ద ఓడల రేవుగా నిలబెట్టింది సముద్రపు పోటు. ఇంగ్లిష్ చానల్ ఆకారం వల్ల ఇక్కడ పోటు వచ్చిన వెంటనే నీరు వెనక్కి తగ్గదు, గంటల తరబడి పైమట్టంలోనే నిలుస్తుంది. స్థానికులు దీన్ని జంట పోటు అంటారు. లోతు ఎక్కువ కావాల్సిన ఓడలకు ఇది పెద్ద సౌకర్యం. లండన్‌కు రైలు మార్గం కూడా తోడు కావడంతో వైట్ స్టార్ కంపెనీ 1907లో, క్యూనార్డ్ 1919లో తమ ప్రధాన అట్లాంటిక్ సర్వీసులను లివర్‌పూల్ నుంచి ఇక్కడికి మార్చుకున్నాయి.

కేవలం విహారం కోసం ఓడ ఎక్కడం కూడా ఇక్కడి పాత అలవాటే. 1837లో ప్రారంభమైన పెనిన్సులర్ కంపెనీయే తర్వాత పి అండ్ ఓ అయింది. అది 1844లో మధ్యధరా సముద్రంలో విహార యాత్రలు ప్రకటించి, నవలా రచయిత థాకరేని తన ఓడల్లో ఉచితంగా తిప్పింది. ఆయన ఆ యాత్ర మీద ఒక పుస్తకం రాశాడు. టైటానిక్ 1912 ఏప్రిల్ 10న కదిలింది సౌతాంప్టన్ నుంచే. ఆ రోజుల్లో తరగతికో రైలు, తరగతికో ద్వారం ఉండేవి. అమెరికా వెళ్లే మూడో తరగతి వలసదారులకు ఓడ ఎక్కే ముందు వైద్య పరీక్ష తప్పేది కాదు. 1950లో ప్రధాని క్లెమెంట్ అట్లీ ప్రారంభించిన పాత ఓషన్ టెర్మినల్‌లోకి లండన్ రైలు నేరుగా వచ్చి ఆగేది. విమాన ప్రయాణాలు పెరిగి ఓడలు తగ్గిపోవడంతో 1983లో దాన్ని కూల్చేశారు. ఇప్పుడు ఆ పేరుతో ఉన్న టెర్మినల్ 2009 నాటిది.

మనవారికి పెద్ద ఓడలు కొత్తేమీ కాదు. 1860 అక్టోబరులో మద్రాసు నుంచి దక్షిణాఫ్రికాలోని నాటాల్ వెళ్లిన ట్రూరో ఓడలోని ఒప్పంద కూలీల్లో తెలుగువారు చాలామంది. తర్వాతి కాలంలో కాకినాడ, విశాఖ రేవుల నుంచి వేలాదిమంది బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఓడల్లో రంగూన్‌కు వలసపోయారు. ఆ కంపెనీ 1914లో పి అండ్ ఓలో కలిసింది. ఇవాళ సౌతాంప్టన్‌లో పి అండ్ ఓ ఓడ ఎక్కడానికి చక్రాల పెట్టెతో వరుసలో నిలబడే తెలుగు కుటుంబానికీ, మూట నెత్తిన పెట్టుకుని రంగూన్ ఓడ డెక్కు మీద చోటు వెతుక్కున్న ఆ కూలీకీ మధ్య ఉన్న దూరం తక్కువది కాదు. రెండు ప్రయాణాల వెనకా ఆ కంపెనీల వంశమే ఉందన్న సంగతి మాత్రం గుర్తుంచుకోదగ్గది. కాకినాడలో ఓడ దూరంగా లంగరు వేస్తే, పడవల్లో వెళ్లి ఎక్కేవారు. ఇప్పటికీ గెర్న్సీ దీవిలోని సెయింట్ పీటర్ పోర్ట్ వంటిచోట్ల క్రూజ్ ఓడ ఒడ్డుకు ఆనదు. సముద్రంలోనే ఆగి, టెండర్లు అనే చిన్న పడవల్లో జనాన్ని ఒడ్డుకు చేరుస్తుంది.

పత్రాలు

ఓడ ఎక్కనివ్వకుండా వెనక్కి పంపడానికి ప్రధాన కారణం పత్రాలే. అందుకే ఈ భాగాన్ని కొంచెం విడమరచి చెప్పాలి.

సౌతాంప్టన్‌లో ఎక్కి, పది రోజులు తిరిగి మళ్లీ సౌతాంప్టన్‌లోనే దిగుతాం కదా, వీసా ఎందుకన్న సందేహం చాలామందికి వస్తుంది. ఓడ బ్రిటన్ జలాలు దాటి ఫ్రాన్స్, స్పెయిన్, నెదర్లాండ్స్, నార్వే వంటి దేశాల రేవుల్లో ఆగితే ప్రయాణికుడు ఆ దేశంలో ప్రవేశించినట్టే. ఇవన్నీ షెంగెన్ ఒప్పందంలోని దేశాలు. నార్వే యూరోపియన్ యూనియన్‌లో లేకపోయినా షెంగెన్‌లో ఉంది. భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారు, బ్రిటన్‌లో ఎన్నేళ్లుగా నివసిస్తున్నా, ఈ దేశాలకు షెంగెన్ వీసా తీసుకోవాలి. ఒడ్డున దిగం, ఓడలోనే కూర్చుంటాం అన్నా కంపెనీలు సాధారణంగా ఒప్పుకోవు. మధ్యలో షెంగెన్ బయటి రేవు ఒకటి తగిలి మళ్లీ షెంగెన్ రేవుకు వెళ్లే దారి అయితే ఒక్కసారి ప్రవేశానికి ఇచ్చిన వీసా చాలదు. మల్టిపుల్ ఎంట్రీ కావాలి. దారి ఎలా ఉన్నా మల్టిపుల్ ఎంట్రీయే తెమ్మనే కంపెనీలూ ఉన్నాయి.

షెంగెన్ దరఖాస్తును ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి ఇవ్వవచ్చు, కనీసం 15 రోజుల ముందు ఇవ్వాలి. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు పడుతుంది, కొన్ని దరఖాస్తులకు 45 రోజుల వరకూ పట్టవచ్చు. వేసవిలో అపాయింట్‌మెంట్ దొరకడమే కష్టమవుతుంది. వైద్య ఖర్చులకు కనీసం 30,000 యూరోల బీమా చూపించాలి. ఎక్కువ రోజులు గడిపే దేశపు కాన్సులేట్‌కు దరఖాస్తు చేయాలన్నది నియమం. దాదాపు రోజుకో దేశం మారే ఓడ ప్రయాణంలో ఆ లెక్క తేలకపోతే, మొదట అడుగుపెట్టే షెంగెన్ దేశానికి వెళ్లాలి.

తల్లిదండ్రుల విషయం వేరు. షెంగెన్ నియమాల ప్రకారం మనిషి తాను నివసించే దేశంలోనే వీసాకు దరఖాస్తు చేయాలి. ఆరు నెలల విజిటర్ వీసా మీద బ్రిటన్ వచ్చినవారు అక్కడి నివాసులు కారు. కాబట్టి లండన్‌లో దరఖాస్తు ఇస్తే తీసుకోకపోవడమే మామూలు. హైదరాబాదు నుంచి విమానం ఎక్కకముందే వారి షెంగెన్ వీసా చేతికి రావాలి. క్రూజ్ టికెట్లు కొని, అమ్మానాన్నలు వచ్చాక వీసా సంగతి చూద్దామనుకున్నవారు టికెట్ డబ్బు మొత్తం పోగొట్టుకునే ప్రమాదం ఉంది. పత్రాలు సరిగా లేనివారిని ఆపేస్తే డబ్బు తిరిగివ్వబోమని కంపెనీల షరతుల్లో స్పష్టంగా ఉంటుంది.

తిరిగి బ్రిటన్‌లో దిగడానికీ పత్రం ఉండాలి. బ్రిటన్ స్టాండర్డ్ విజిటర్ వీసా గడువులోగా ఎన్నిసార్లయినా వచ్చిపోవచ్చు. ఓడ తిరిగొచ్చే రోజుకు ఆ గడువు మిగిలి ఉందో లేదో చూసుకుంటే చాలు. ఉద్యోగ, విద్యార్థి వీసాల మీద ఉన్నవారి ప్లాస్టిక్ నివాస కార్డుల కాలం 2024 చివరితో ముగిసింది. ఇప్పుడు ఉన్నది ఆన్‌లైన్‌లో నమోదైన ఈ-వీసా. పాస్‌పోర్టు కొత్తది తీసుకున్నవారు ఆ కొత్త నంబరును తమ ఈ-వీసా ఖాతాకు కలిపారో లేదో ఓసారి సరిచూసుకోవాలి. కలపకపోతే కౌంటర్‌లో ఆ మనిషికి బ్రిటన్‌లో ఉండే హక్కు ఉందన్న సంగతి రుజువు కావడం ఆలస్యమవుతుంది.

చెక్-ఇన్ గుమస్తా ఎందుకంత గట్టిగా ఉంటారో కూడా తెలుసుకోవాలి. సరైన పత్రాలు లేని వ్యక్తిని బ్రిటన్‌కు తీసుకొస్తే ఆ రవాణా సంస్థకు ఒక్కో మనిషికి 2,000 పౌండ్ల వరకూ జరిమానా వేయడానికి 1999 నాటి చట్టం వీలిస్తుంది. యూరప్ దేశాల్లోనూ ఇలాంటి చట్టాలున్నాయి. అంటే సరిహద్దు కాపలాలో కొంత భాగాన్ని ప్రభుత్వాలు ఓడ కంపెనీల మీద పెట్టాయి. అక్కడ బతిమాలి లాభం లేదు. గుమస్తా చేతిలో మినహాయింపు ఇచ్చే అధికారం ఉండదు.

షెంగెన్ బెడద లేని దారులు కూడా ఉన్నాయి. స్కాట్లండ్ రేవులు, చానల్ దీవులు చుట్టి వచ్చే ప్రయాణాలు కొన్ని సౌతాంప్టన్ నుంచి, లివర్‌పూల్ నుంచి నడుస్తాయి. వాటిలో ఐర్లండ్ కూడా ఉంటే ఇంకో నియమం చూసుకోవాలి. భారతీయుల బ్రిటన్ విజిటర్ వీసా మీద బి.ఐ.వి.ఎస్. (బ్రిటన్-ఐర్లండ్ వీసా పథకం) అన్న అక్షరాలుంటే, బ్రిటన్‌లో ముందుగా అడుగుపెట్టాక అదే వీసాతో ఐర్లండ్ వెళ్లవచ్చు. ఉద్యోగ, విద్యార్థి వీసాలకు ఈ పథకం వర్తించదు. ఒకే కుటుంబంలో తల్లికి వర్తించిన వెసులుబాటు కొడుక్కి వర్తించకపోవచ్చు. ఎవరి పత్రం వారిదిగా విడివిడిగా చూసుకోవడమే మంచిది.

ఇక పేర్లు. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు ఒకరికి ముందు, ఒకరికి వెనక ఉంటుంది. కొందరి పాత పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగానే ఉంటుంది. పెళ్లయ్యాక ఇంటిపేరు మారినవారు బుకింగ్‌లో ఒక పేరు, పాస్‌పోర్టులో మరో పేరుతో ఉండిపోతారు. పాస్‌పోర్టు ఫొటో పేజీ అడుగున యంత్రం చదివే రెండు వరుసల్లో పేరు ఎలా ఉందో, బుకింగ్‌లోనూ అచ్చంగా అలాగే ఉండాలి. టికెట్ కొనేటప్పుడే సరిచూస్తే ఐదు నిమిషాల పని. రేవులో తేలితే పెద్ద చిక్కు. పాస్‌పోర్టుకు ప్రయాణం ముగిశాక కూడా 6 నెలల గడువు ఉండాలని చాలా కంపెనీలు కోరతాయి. తల్లిదండ్రుల్లో ఒక్కరితోనో, తాతయ్య అమ్మమ్మలతోనో వచ్చే పిల్లలకు మిగతావారి సమ్మతి ఉత్తరం వెంట ఉంచుకోవాలి.

ఆన్‌లైన్ చెక్-ఇన్

ప్రయాణానికి కొన్ని వారాల ముందు కంపెనీ వెబ్‌సైట్‌లోనో యాప్‌లోనో ఆన్‌లైన్ చెక్-ఇన్ తెరుచుకుంటుంది. పాస్‌పోర్టు వివరాలు, ఆపదలో కబురు చేయాల్సినవారి ఫోన్ నంబరు, బీమా వివరాలు, ఓడలో ఖర్చులకు క్రెడిట్ కార్డు, తెల్లని గోడ ముందు తీసిన ఫొటో ఇవ్వాలి. ఆ ఫొటో ఓడ భద్రతా వ్యవస్థలోకి వెళ్తుంది. తర్వాత ప్రతి రేవులో దిగేటప్పుడూ ఎక్కేటప్పుడూ కార్డు తాకించగానే కాపలా మనిషి తెర మీద కనిపించేది అదే ముఖం.

రేవుకు ఏ సమయానికి రావాలో ఇక్కడే ఖరారవుతుంది. కొన్ని కంపెనీలు ప్రయాణికుణ్ణి ఎంచుకోమంటాయి, కొన్ని తామే కేటాయిస్తాయి. ముందుగా చేసుకున్నవారికి మధ్యాహ్నం పన్నెండు ప్రాంతపు సమయాలు దొరుకుతాయి. ఈ సమయాన్ని పాటించడం అవసరం. పి అండ్ ఓ వారి అయోనా ఓడలో దాదాపు 5,200 మంది ప్రయాణికులు, 1,800 మంది సిబ్బంది పడతారు. ఓడ తెల్లవారుజామున రేవు చేరి, పాతవారిని ఉదయమంతా దింపి, వేల గదులు శుభ్రం చేయించుకుని, వారాలకు సరిపడా సరుకులు ఎక్కించుకుని, సాయంత్రానికి కొత్తవారితో కదలాలి. ఆ కొద్ది గంటల్లో అందరూ ఒకేసారి వస్తే రేవు రోడ్లే నిండిపోతాయి. ఓడ కదిలే వేళకు గంట, గంటన్నర ముందు చెక్-ఇన్ మూసేస్తారు. టికెట్ మీద ఉన్న మూసివేత సమయం ఎంతో చూసుకోవాలి. ఆలస్యమైనవారి కోసం ఓడ ఆగదు.

చివర్లో ఈ-టికెట్, లగేజీ ట్యాగులు వస్తాయి. వాటిని అచ్చు వేసుకోవాలి. ట్యాగు మీద పేరు, ఓడ పేరు, డెక్కు, క్యాబిన్ నంబరు ఉంటాయి.

రేవుకు వెళ్లడం, సామాను

లండన్ వాటర్లూ స్టేషన్ నుంచి సౌతాంప్టన్ సెంట్రల్‌కు రైలు సుమారు గంటా ఇరవై నిమిషాలు. అక్కడి నుంచి టాక్సీ. హీత్రో విమానాశ్రయం నుంచి నేరుగా కోచ్ బస్సులున్నాయి. భారత్ నుంచి విమానంలో దిగిన రోజే ఓడ ఎక్కే ఏర్పాటు చేసుకోవద్దు. విమానం ఆలస్యమైతే మధ్యలో సర్దుకునే వ్యవధి ఉండదు. కనీసం ఒక రాత్రి ముందు చేరాలి. కారులో వెళ్లేవారు చూడాల్సింది ఊరి పేరు కాదు, డాక్ గేటు నంబరు. ఓషన్, క్వీన్ ఎలిజబెత్-2 టెర్మినళ్లకు నాలుగో గేటు. సిటీ, మేఫ్లవర్, హొరైజన్ టెర్మినళ్లు పడమటి రేవుల్లో ఉన్నాయి, వాటికి ఎనిమిదో గేటు, పదో గేటు వాడతారు. తూర్పు రేవులకూ పడమటి రేవులకూ మధ్య నగరపు రద్దీ ఉంటుంది. టికెట్ మీద టెర్మినల్ పేరు ఉంటుంది, అరుదుగా చివరి క్షణంలో మారుతుంది కూడా.

టెర్మినల్ ముందు కారు ఆగగానే పోర్టర్లు పెద్ద పెట్టెలు తీసుకుంటారు. తిరిగి అవి క్యాబిన్ తలుపు దగ్గర కనిపించేది సాయంత్రానికే. అందువల్ల పాస్‌పోర్టులు, మందులు, నగలు, కళ్లద్దాలు, చంటిపిల్లల సామాను, ఓ జత బట్టలు చేతి సంచిలో ఉంచుకోవాలి. తాళాలూ చేతిలోనే ఉండాలి. పద్దెనిమిదేళ్ల గాంధీ 1888 సెప్టెంబరులో బొంబాయి నుంచి క్లైడ్ అనే పి అండ్ ఓ ఓడలో ఇంగ్లండ్ వెళ్లినప్పుడు, సామానుతో పాటు తాళాలూ ఏజెంట్లకు అప్పగించి, తెల్లని ఫ్లానెల్ దుస్తులతో దిగారు. ఆ చలిలో అలాంటి బట్టలు వేసుకున్నది తానొక్కడే. శనివారం కావడంతో మర్నాడు కూడా సామాను అందలేదని, ఆ సిగ్గునూ చిరాకునూ ఆత్మకథలో చెప్పుకున్నారు. దిగింది సౌతాంప్టన్‌లో అని అక్కడ రాశారు.

పెట్టెలన్నీ ఎక్స్-రే యంత్రం గుండా వెళ్తాయి. వేడి పుట్టించే ఏ విద్యుత్ వస్తువునూ ఓడలో ఉంచనివ్వరు. ఇస్త్రీ పెట్టె, ఎలక్ట్రిక్ కెటిల్, రైస్ కుక్కర్ అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. కొవ్వొత్తులు, అగరుబత్తులు, కత్తులు, ఎక్స్‌టెన్షన్ బోర్డులకూ చాలా ఓడల్లో నిషేధం ఉంది. సముద్రం మధ్య అగ్నిప్రమాదం కంటే పెద్ద ఆపద ఓడకు లేదు. ఫైరింజను వచ్చే చోటు కాదు కదా. పట్టుబడ్డ వస్తువును దాచి, ప్రయాణం చివర ఇస్తారు. ఇంట్లో వండిన పులిహోర, కూరలు ఓడలోకి రానివ్వరు. కంపెనీ సీలు వేసిన పచ్చడి ప్యాకెట్టు, బిస్కెట్లు సాధారణంగా అనుమతిస్తారు. వాటిని కూడా ఓడలోనే తినాలి. మాంసం, పాల పదార్థాలను యూరప్ ఒడ్డుకు తీసుకెళ్లడానికి అక్కడి నియమాలు ఒప్పుకోవు. మద్యం ఎంత తెచ్చుకోవచ్చన్నది కంపెనీని బట్టి మారుతుంది.

శాకాహారులు బెంగపడనక్కర్లేదు. బుకింగ్‌లోనే రాయిస్తే ఏర్పాట్లు బాగానే ఉంటాయి. పి అండ్ ఓ పెద్ద ఓడల్లో సింధు అనే భారతీయ రెస్టారెంటు కూడా ఉంది. జైన భోజనం, ఉల్లి వెల్లుల్లి లేని వంట కావాలంటే వారాల ముందే చెప్పాలి. ఎక్కిన రోజు అడిగితే వంటవారు చేయగలిగేది తక్కువ.

టెర్మినల్ లోపల

లోపల వరుసగా మూడు మెట్లు. మొదటిది కౌంటర్. పాస్‌పోర్టు, వీసా, టికెట్ చూస్తారు. గత 48 గంటల్లో వాంతులు, విరేచనాలు అయ్యాయా అని అడుగుతారు. మొహమాటపడి దాచవద్దు. నోరోవైరస్ మూసిన ఓడలో ఒకరి నుంచి వందలమందికి పాకుతుంది. అవునన్నంత మాత్రాన వెనక్కి పంపేస్తారనీ కాదు. ఓడ నర్సుతో మాట్లాడించి నిర్ణయిస్తారు. గర్భిణులు ప్రయాణం ముగిసేనాటికి 24 వారాలు నిండకూడదని చాలా కంపెనీల నియమం. చంటిబిడ్డకు కనీసం 6 నెలలు, రోజుల తరబడి సముద్రం దాటే ప్రయాణాలకైతే 12 నెలలు నిండాలి.

కౌంటర్ దగ్గర చేతికిచ్చేది క్రూజ్ కార్డు. క్యాబిన్ తాళం, గుర్తింపు కార్డు, కొనుగోళ్ల ఖాతా అన్నీ అదే. కొన్ని కంపెనీలు ముందే ఇంటికి పంపుతాయి, మరికొన్ని క్యాబిన్ తలుపు దగ్గర ఉంచుతాయి. ప్రిన్సెస్ ఓడల్లో దాని బదులు మెడలోనో మణికట్టుకో వేసుకునే మెడాలియన్ బిళ్ల ఇస్తారు. వీసా అవసరమైన దేశాలవారి పాస్‌పోర్టులను కొన్ని ఓడలు తమ దగ్గర ఉంచుకుని చివర తిరిగిస్తాయి, మధ్య రేవుల్లో అధికారులకు చూపించే పని కోసం. కంగారుపడకుండా రసీదు అడిగి తీసుకోండి. పాస్‌పోర్టు, వీసా పేజీల ఫొటోలు ఫోనులో ఉంచుకోండి.

రెండో మెట్టు భద్రతా తనిఖీ. విమానాశ్రయంలో లాగే ట్రేలు, లోహాన్ని పసిగట్టే ద్వారం ఉంటాయి. ద్రవాలకు 100 మిల్లీలీటర్ల పరిమితి మాత్రం ఇక్కడ లేదు. ఓడలు, రేవుల భద్రతకు ఇప్పుడు అమలవుతున్న అంతర్జాతీయ నియమావళి 2001 సెప్టెంబరు దాడుల తర్వాత రూపొంది 2004 జులై 1 నుంచి అమల్లోకి వచ్చింది. మన విమానాశ్రయాల్లో దేశం దాటేటప్పుడు ఇమిగ్రేషన్ ముద్ర వేయించుకునే అలవాటున్నవారు అలాంటి కౌంటర్ కోసం వెతుకుతారు. బ్రిటన్ నుంచి బయటికి వెళ్లేటప్పుడు అది ఉండదు. ప్రయాణికుల వివరాలను కంపెనీయే ప్రభుత్వానికి పంపుతుంది. బోర్డర్ ఫోర్స్ అధికారులు ఎదురయ్యేది తిరిగొచ్చాకే.

మూడో మెట్టు గ్యాంగ్‌వే. టెర్మినల్ పై అంతస్తు నుంచి ఓడ పక్కకు ఆనించిన వంతెన ఇది. పోటును బట్టి ఓడ ఎత్తు మారుతుంది కాబట్టి దాని వాలూ మారుతుంది. నడవలేని పెద్దవారికి చక్రాల కుర్చీ సహాయం ఉంది, ముందే నమోదు చేయించుకోవాలి.

ఓడలో మొదటి గంటలు

లోపలికి రాగానే గది సిద్ధంగా ఉండకపోవచ్చు. అప్పటివరకు బఫేలో భోజనం చేస్తారు. కార్డు వెనకో, క్యాబిన్ తలుపు లోపలి వైపో మస్టర్ స్టేషన్ పేరు ఉంటుంది. ఆపద వేళ చేరాల్సిన చోటు అది. ఓడ కదిలేలోగా ప్రతి ప్రయాణికుడూ అక్కడికి వెళ్లి నమోదు కావాలి. ప్రమాద సంకేతం ఏడు పొట్టి కూతలు, ఒక పొడవాటి కూత. ఇప్పుడు చాలా ఓడల్లో ఫోనులోనో క్యాబిన్ టీవీలోనో వీడియో చూసి, ఓడ కదిలేలోగా తీరిక దొరికినప్పుడు స్టేషన్‌కు వెళ్లి కార్డు తాకిస్తే సరిపోతుంది.

పిల్లలకు ఆకలి, పెద్దలకు అలసట, సామాను ఇంకా రాలేదు. ఈ హడావిడిలో మస్టర్‌ను మొక్కుబడిగా ముగించాలనిపిస్తుంది. ఆ పని చేయవద్దు. ఈ నియమం మనుషుల ప్రాణాలు పోయాక వచ్చింది. సౌతాంప్టన్ నుంచి వెళ్లిన టైటానిక్ మునిగాకే 1914లో లండన్‌లో సముద్ర భద్రత మీద తొలి అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. దాని ఇప్పటి రూపం 1974 నాటిది. అందులోనూ ఓడ ఎక్కిన 24 గంటల్లోగా మస్టర్ జరిపితే చాలని ఉండేది. 2012 జనవరి 13 రాత్రి కోస్టా కాంకోర్డియా ఓడ ఇటలీలోని జీలియో దీవి దగ్గర రాయికి తగిలి ఒరిగిపోయింది. 32 మంది చనిపోయారు. ఆ సాయంత్రమే చివిటావెక్యా రేవులో ఎక్కిన వందలాదిమందికి మస్టర్ ఇంకా జరగలేదు, మర్నాటికి పెట్టారు. ఆ తర్వాత నియమం మార్చారు. 2015 జనవరి 1 నుంచి ఓడ కదలకముందు గానీ కదిలిన వెంటనే గానీ మస్టర్ జరిగి తీరాలి. లైఫ్ జాకెట్ ఎక్కడుందో, క్యాబిన్ నుంచి స్టేషన్‌కు ఏ మెట్ల మీదుగా వెళ్లాలో ఇంట్లోని పెద్దలను వెంటబెట్టుకుని ఒకసారి నడిచి చూపించాలి. ఇంగ్లిష్ ప్రకటనలు అర్థం కానివారికి ఆ కూతలేమిటో తెలుగులో చెప్పాలి. ఆ పని కుటుంబసభ్యులే చేయగలరు.

సాయంత్రం నాలుగున్నర, ఆరు మధ్య చాలా ఓడలు కదులుతాయి. పైలట్ దారి చూపుతుండగా ఓడ సౌతాంప్టన్ వాటర్ అనే పాయ గుండా సోలెంట్ జలసంధిలోకి వస్తుంది. కాల్‌షాట్ దాటాక ఓడ చుట్టూ తిరిగి వెళ్లే ఇసుక మేట బ్రాంబుల్ బ్యాంక్. ఏడాదికోసారి పాటు బాగా తీసినప్పుడు ఆ మేట కాసేపు బయటపడుతుంది. అప్పుడు రెండు పడవ క్లబ్బులవారు దాని మీద క్రికెట్ ఆడతారు. నీరు మళ్లీ రాగానే ఆట ముగుస్తుంది. ఐల్ ఆఫ్ వైట్ దీవిని తూర్పుగా చుట్టి ఓడ చానల్‌లోకి వెళ్తుంది. ఓడ కదిలాక మొదటి రెండు గంటలూ డెక్కు మీద గడపడం మంచిది. సామాను సర్దుకోవడానికి రాత్రంతా ఉంది.

ఇతర రేవులు, విశాఖ

బ్రిటన్‌లో డోవర్, టిల్‌బరీ, లివర్‌పూల్, న్యూకాజిల్ వంటి రేవుల్లోనూ ఈ పద్ధతే. రేవు చిన్నది కాబట్టి వరుసలు చిన్నవి. డోవర్‌లోని ఒక టెర్మినల్ పాత మెరైన్ రైల్వే స్టేషన్ భవనం. టిల్‌బరీ ఒకప్పుడు భారత్ నుంచి వచ్చే ఓడలకు లండన్ వాకిలి.

2022 జూన్‌లో కార్డీలియా కంపెనీ ఎంప్రెస్ ఓడతో విశాఖపట్నం నుంచి పుదుచ్చేరి, చెన్నై ప్రయాణాలు నడిపింది. దేశంలోని రేవుల మధ్య తిరిగే అలాంటి ఓడకు భారతీయులు వీసా లేకుండా, ఆధార్ వంటి గుర్తింపు కార్డుతో ఎక్కవచ్చు. క్రూజ్ అంటే ఎలా ఉంటుందో తెలుసుకోవాలనుకునే పెద్దవారికి అది సులువైన తొలి అనుభవం.

తల్లిదండ్రులను ఓడ ఎక్కించేవారికి ఒక విన్నపం. సముద్రం మీద బ్రిటన్ ప్రభుత్వ వైద్య సేవ ఎన్.హెచ్.ఎస్. పనిచేయదు. ఓడ వైద్యశాలలో ప్రతి పరీక్షకూ బిల్లు ఉంటుంది, హెలికాప్టర్‌లో ఆసుపత్రికి తరలించాల్సి వస్తే ఖర్చు చాలా ఎక్కువ. బీపీ, షుగరు, గుండెకు వేసిన స్టెంటు, ఎప్పుడో జరిగిన ఆపరేషన్ ఏదైనా బీమా దరఖాస్తులో దాచకుండా రాయించండి. రాయని జబ్బుకు బీమా కంపెనీ డబ్బు ఇవ్వదు.